నమ్మకం మనది, నింద ఎవరిది?

పండుగల సంచిక వస్తోందంటే మన సంపాదకవర్గం వారు మాకు ఫోను చేస్తారు. "డాక్టరు గారూ, బూరెలూ పులిహోరా తినే రోజులు, షుగరు గురించి నాలుగు ముక్కలు రాసివ్వండి" అంటారు. మేమూ ఏటా రాస్తూనే ఉన్నాం, మీరూ చదువుతూనే ఉన్నారు, బూరెలు మాత్రం ఎవరూ మానలేదు (మాతో సహా). ఈసారి షుగరు పక్కన పెట్టి వేరే సంగతి రాస్తామని ముందే చెప్పి ఒప్పించుకున్నాం. అందుకు కారణం ఒక పదేళ్ళ పిల్లవాడు.

పోయిన వినాయక చవితికి మన గుడిలో పూజ అయింది. వ్రతకథ చదవడం పూర్తయింది. అందరం అక్షతలు తలమీద వేసుకుని భోజనాల వరసలో నిలబడ్డాం. ఆ పిల్లవాడు మా పక్కకు వచ్చి సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో అడిగాడు: "అంకుల్, మీరు డాక్టరు కదా. ఇవాళ మూన్‌ని చూస్తే నిజంగానే మనమీద దొంగతనం పెడతారా? కృష్ణుడు చూడకపోయి ఉంటే ఆయన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదా?"

వాళ్ళ నాన్నగారు "తప్పు, అలా అడక్కూడదు" అన్నారు. మేము నవ్వేసి ఊరుకున్నాం. వరస కదిలింది, పళ్ళెంలోకి పులిహోర వచ్చింది, ప్రశ్న అక్కడే ఉండిపోయింది. ఇంటికి వచ్చాక తప్పు చేశామనిపించింది. అడక్కూడనిది అతను ఏమడిగాడు? చదువుకున్న వాళ్ళమని పేరు పెట్టుకుని, గుడిలో ఒకలాగా ఆసుపత్రిలో ఒకలాగా మాట్లాడే మనలాంటి వాళ్ళనే కదా అడగాలి.

ఆ రాత్రి శమంతకోపాఖ్యానం మళ్ళీ తీసి చదివాం. ప్రతి ఏడూ వింటున్నా, మన దృష్టి అక్షతల మీద ఉంటుంది గాని కథ మీద ఉండదు. కృష్ణుడు చంద్రుణ్ణి కావాలని చూడలేదు. ఆయనకూ ఆ నమ్మకం ఉంది. ఆకాశం వైపు తల ఎత్తకుండానే గోశాలకు వెళ్ళి పాలు పితుకుతుంటే, పాత్రలోని పాలలో చవితి చంద్రుడి నీడ కనిపించింది. తరవాత ప్రసేనుడు మణి మెడలో వేసుకుని వేటకు వెళ్ళడం, సింహం చంపడం, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపడం, ఊళ్ళో జనం "మణి మీద ఆశతో కృష్ణుడే చంపేశాడు" అనడం మీకు తెలిసినవే.

ఇక్కడ ఆగి చూడండి. నింద పడ్డాక కృష్ణుడు ఏం చేశాడు? "చంద్రుణ్ణి చూశాను, అనుభవించక తప్పదు" అని కూర్చోలేదు. నలుగురిని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళాడు. ప్రసేనుడి శవం చూపించాడు. అక్కడి నుంచి సింహం అడుగులు, సింహం పడి ఉన్న చోటు నుంచి ఎలుగుబంటి అడుగులు, ఆ అడుగుల వెంట గుహ. ఇవాళ్టి పోలీసువారు చేసే పనే. నమ్మినవాడే, అయినా నింద తీర్చుకోవలసి వచ్చేసరికి అడుగుజాడలు వెతికాడు. ఆ కథలోనే నమ్మకమూ ఉంది, ఋజువూ ఉంది. ఏది ఎక్కడ పనికి వస్తుందో కూడా ఉంది.

ఆ సంగతి మాకు రెండేళ్ళ ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించే సందర్భం ఒకటి చెబుతాం.

2024 ఏప్రిల్ 8 మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మర్నాడు క్రోధి నామ సంవత్సర ఉగాది. ముందు రోజు అమావాస్య, సంపూర్ణ సూర్యగ్రహణం. నయాగరా, హామిల్టన్, కింగ్‌స్టన్, మాంట్రియల్ దాకా పట్టపగలు చీకటి పడింది. టొరంటోకు అంతా కమ్మడానికి వెంట్రుకవాసి తక్కువ. చాలా స్కూలు బోర్డులు పిల్లలకు ఆ రోజు సెలవు ఇచ్చేశాయి. నయాగరా ప్రాంతం వారైతే జనం తాకిడికి భయపడి ముందుగానే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఇండియాలో అప్పటికి రాత్రి, గ్రహణం లేదు. ఇక్కడ ఉంది. కనబడిన చోటే గ్రహణ నియమాలు పాటించాలి గనుక, ఈసారి అక్కడి బంధువులు నిశ్చింతగా నిద్రపోతుంటే ఇక్కడ మనవాళ్ళు పంచాంగాలు తిరగేసుకున్నారు.

దానికి వారం ముందు మా క్లినిక్కుకు ఒక అమ్మాయి వచ్చింది. (ఆమె అనుమతితోనే రాస్తున్నాం. గుర్తుపట్టే వివరాలు మార్చాం.) తొలిచూలు, ముప్ఫయ్యో వారం. గర్భిణులకు వచ్చే షుగరు ఉంది, ఇన్సులిన్ తీసుకుంటోంది. పురుడు పోయడానికి అత్తగారు సూపర్ వీసా మీద గోదావరి జిల్లా నుంచి వచ్చారు. భర్త సాఫ్ట్‌వేరు. ముగ్గురూ కలిసే వచ్చారు. ముగ్గురి మొహాలూ చూడగానే ఇంట్లో గొడవ జరిగిందని తెలిసిపోయింది.

అత్తగారి మాట: గ్రహణం మధ్యాహ్నం రెండు దాటాక మొదలై నాలుగున్నర దాకా ఉంటుంది. సూర్యగ్రహణానికి నాలుగు జాములు, అంటే పన్నెండు గంటలు ముందు నుంచి ఏమీ తినకూడదు. గ్రహణం సేపు తలుపులు వేసుకుని కదలకుండా పడుకోవాలి. కత్తి, సూది ముట్టకూడదు.

భర్త మాట: ఇదంతా మూఢనమ్మకం. అందరం కలిసి కారులో నయాగరా వెళ్దాం, కళ్ళజోళ్ళు కూడా కొన్నాను. "మీరు చెప్పండి డాక్టరు గారూ, మా అమ్మకు సైన్సు చెప్పండి."

ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. పరీక్ష చెయ్యాలని చెప్పి ఇద్దరినీ బయట కూర్చోమన్నాం. అప్పుడు అడిగాం, "నీ నమ్మకం ఏమిటమ్మా?" అని. చాలాసేపు ఆలోచించి చెప్పింది: "నమ్ముతున్నానో లేదో నాకే తెలియదండీ. కాని రేపు పుట్టే పిల్లకు ఏదైనా చిన్న లోపం ఉన్నా నన్నే అంటారు. ఇంట్లో కూర్చుంటే ఆయన పల్లెటూరిదానివి అంటారు. బయటకు వెళ్తే జీవితాంతం అత్తయ్యగారి మాట."

మాకు తెలిసిన సైన్సంతా ఆ ఒక్క మాట ముందు తేలిపోయింది. ఎందుకో చెప్పాలంటే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఆంధ్రలో హౌస్‌సర్జన్సీ చేసే రోజులు. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఓ.పి. చూస్తున్నాం. మూడు వారాల బిడ్డను ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. బిడ్డకు పై పెదవి చీలి ఉంది. మన భాషలో దాని పేరే గ్రహణం మొర్రి. పేరులోనే తీర్పు ఉంది చూడండి. పక్కనే అత్తగారు. "చెబితే విన్నదా? గ్రహణం పూట కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరిగింది" అన్నది. ఆ తల్లి తల దించుకుని బిడ్డ నోటిని కొంగుతో కప్పింది.

మాకు అప్పటికి ఇరవై మూడేళ్ళు. పుస్తకం కొత్తగా చదివిన వేడి. కేస్ షీటు వెనక సూర్యుణ్ణి, చంద్రుణ్ణి, భూమిని గీసి, నీడ ఎలా పడుతుందో చెప్పాం. పై పెదవి గర్భం ఆరేడు వారాలకే అతుక్కుపోతుందనీ, అంగిలి పది పన్నెండు వారాలకల్లా మూసుకుంటుందనీ, మీ కోడలు బెండకాయలు తరిగింది ఎనిమిదో నెల అయితే అప్పటికి ఎప్పుడో పెదవి తయారైపోయిందనీ చెప్పాం. అంతటితో ఊరుకోకుండా ఆ పెద్దావిణ్ణి కొంచెం వెక్కిరించాం కూడా. వార్డులో ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆ తల్లి అంతా విని, మెల్లిగా ఒక ప్రశ్న వేసింది. "అయితే మరి దేనివల్ల వచ్చింది బాబూ?"

ప్రపంచంలో ఇంచుమించు ఏడు వందల మంది శిశువుల్లో ఒకరికి ఇలా వస్తుంది. వంశపారంపర్యం కొంత, పొగ తాగడం, అదుపులో లేని షుగరు, మూర్ఛకు వాడే కొన్ని మందులు కొంత. చాలామందిలో ఇదీ అని వేలు పెట్టి చూపించలేం. అదే చెప్పాం, "ఇదీ కారణమని చెప్పలేం" అని. అప్పుడు ఆమె మొహం చూడవలసింది. అత్తగారి దగ్గర కారణం ఉంది, ఖచ్చితంగా ఉంది, రోజూ వేళా ఉన్నాయి. డాక్టరు దగ్గర "చెప్పలేం" ఉంది. ఏది బలంగా వినిపిస్తుంది? బిడ్డకు మూడు నెలలు దాటాక పెదవి కుట్టే ఆపరేషనుకు రమ్మని తేదీ రాసిచ్చాం. రాలేదు. మేం చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం లేదు. అయినా ఆ తల్లి వచ్చినప్పుడు ఎంత బరువుతో వచ్చిందో, మా నవ్వు కూడా కలుపుకుని అంతకంటె ఎక్కువ బరువుతో వెళ్ళింది. "నీ తప్పు కాదమ్మా" అనే మూడు మాటలు ముందు చెప్పి, నీడ బొమ్మ తరవాత గియ్యవలసింది.

అందుకని ఇరవై ఏళ్ళ తరవాత, టొరంటో పక్క ఊళ్ళో, ఈ అమ్మాయి "నన్నే అంటారు" అనగానే మాకు ఆ కొంగు కప్పిన బిడ్డ కనిపించింది.

నమ్మకాన్నీ బుద్ధినీ ఎదురెదురుగా నిలబెట్టి కుస్తీ పెట్టించడం మన దగ్గర పాత సరదా. కాని మన పెద్దలు ఈ విషయంలో మనకంటె తేలికగా ఉన్నారేమో అనిపిస్తుంది. ఆర్యభటుడు సామాన్య శకం 499లోనే సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడనీ, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుందనీ రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు, రాహువును కాదనడం శాస్త్రవిరుద్ధమని ఆయన్ని తప్పుపట్టాడు. చిత్రమేమంటే, తప్పుపట్టిన ఆ బ్రహ్మగుప్తుడే గ్రహణం లెక్క కట్టేటప్పుడు నీడ కొలతలే వేశాడు. అంటే లెక్కకు నీడ, స్నానానికి రాహువు. పంచాంగం గుణించే మన సిద్ధాంతిగారూ అంతే. తిరుమలలో గ్రహణానికి గుడి తలుపులు మూస్తారు. అక్కడికి దగ్గర్లోనే శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు. ఒకే సంప్రదాయంలో రెండూ చెల్లాయి. బాలురు, వృద్ధులు, రోగులు ఇన్ని జాములు ఉపవాసం ఉండనక్కరలేదని మినహాయింపులు కూడా పంచాంగాల్లోనే రాసి ఉంటాయి. వాటిని మాత్రం ఎవరూ బిగ్గరగా చదవరు.

మా అమ్మమ్మ సంగతి కూడా చెప్పాలి. 1995 అక్టోబరులో, దీపావళి మర్నాటి ఉదయం సూర్యగ్రహణం పట్టింది. మాకు పద్నాలుగేళ్ళు. అమ్మమ్మ ఆవకాయ జాడీల మీద, నీళ్ళ బిందెల మీద దర్భలు వేసింది. పట్టుస్నానం అయింది. పెరట్లో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపే రోకలి నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని ఊరంతా నమ్మకం. నిలబడింది. వీధివీధంతా చూసిపోయారు. మేం ఊరుకుంటామా? మర్నాడు అదే పళ్ళెం, అవే నీళ్ళు, అదే రోకలి పెట్టి, అరగంట అవస్థపడి నిలబెట్టి, అమ్మమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాం. కింది భాగం సమంగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుందని ఉపన్యాసం ఇచ్చాం. అమ్మమ్మ చూసి, "నిలబడితే మంచిదేరా. నిన్న గ్రహణం కోసం నిలబడింది, ఇవాళ నీ కోసం నిలబడింది. పద, అన్నం చల్లారిపోతోంది" అంది. ఆ నమ్మకం వల్ల ఎవరికీ ఏ కష్టమూ రాలేదు. ఎవరి మీదా నింద పడలేదు. మాకు మాత్రం గెలిచామో ఓడామో ఇప్పటికీ తెలియదు.

ఆ గ్రహణానికి నెల ముందే, 1995 సెప్టెంబరు 21న, వినాయకుడు పాలు తాగుతున్నాడని ఒక్క రోజులో ప్రపంచమంతా పాకింది. చెంచా అంచు నుంచి విగ్రహం మీదికి పాలు ఎలా జారతాయో శాస్త్రజ్ఞులు రంగు కలిపి చూపించారు. ఆ రోజు ఖర్చయినవి పాలు, అరిగినవి చెప్పులు. అంతకు మించి ఎవరికీ నష్టం లేదు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి.

మనం వచ్చి స్థిరపడిన ఈ దేశంలో నమ్మే స్వేచ్ఛ గురించి కోర్టులు చాలా ఆలోచించాయి. 1982 నాటి హక్కుల చార్టరులో, ప్రాథమిక స్వేచ్ఛల్లో మొట్టమొదట రాసింది అంతరాత్మకూ మతానికీ ఉన్న స్వేచ్ఛనే. మాంట్రియల్‌లో ఒక పెద్ద అపార్టుమెంటు భవనంలో కొందరు యూదు కుటుంబాల వారు తమ పండుగకు బాల్కనీల్లో చిన్న పందిళ్ళు వేసుకున్నారు. (మన వినాయక చవితి, దసరా రోజుల్లోనే వస్తుంది వాళ్ళ పందిళ్ళ పండుగ.) భవనం నిబంధనలకు విరుద్ధమని సంఘం వారు అడ్డం చెప్పారు. కింద తోటలో అందరికీ కలిపి ఒకే పందిరి వేసుకోండి అన్నారు. ఎవరి పందిరి వాళ్ళకే ఉండాలని మత నియమం ఉందా లేదా అని మతగురువుల చేత సాక్ష్యాలు కూడా చెప్పించారు. 2004లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, మతగురువులు ఒప్పుకుంటారా, శాస్త్రంలో ఉందా అన్నది మాకు అనవసరం, ఆ మనిషి మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడా లేదా అన్నదే ప్రశ్న, అని. తొమ్మిది మందిలో అయిదుగురు అటు, నలుగురు ఇటు. అంత దగ్గరి తీర్పు.

మొదటిసారి దీని గురించి చదివినప్పుడు డాక్టరుగా మాకు కొంచెం కష్టంగానే అనిపించింది. ఋజువు అడక్కపోతే ఎలా? తరవాత అర్థమైంది. తన బాల్కనీలో తాను వేసుకునే పందిరికి ఋజువు ఎవరికి కావాలి?

ఆసుపత్రిలో ఇది ఇంకా కఠినంగా ఉంటుంది. ఒంటారియోలో 1979లో కారు ప్రమాదంలో స్పృహ తప్పిన ఒక స్త్రీని ఆసుపత్రికి తెచ్చారు. తన మత విశ్వాసం ప్రకారం తనకు రక్తం ఎక్కించవద్దని రాసిన చీటీ ఆమె సంచిలో దొరికింది. డాక్టరు ఆ చీటీ సంగతి తెలిసే రక్తం ఎక్కించాడు, ఆమె బతికింది. బతికి, దావా వేసింది. ఇరవై వేల డాలర్లు ఇవ్వవలసిందేనని 1990లో రాష్ట్ర అప్పీలు కోర్టు ఖాయం చేసింది. ప్రాణం పోసిన డాక్టరుకు జరిమానా! ఇక్కడ లైసెన్సు పరీక్షలకు చదివేటప్పుడు ఈ కేసు దగ్గర మేం పుస్తకం మూసేసి అటూ ఇటూ తిరిగాం. అదే పని మేమైనా చేసి ఉండేవాళ్ళమే. కాని ఆ శరీరం ఆమెది.

అదే బిడ్డల విషయానికి వచ్చేసరికి కోర్టు మాట మారుతుంది. 2006లో మానిటోబాలో పదిహేనేళ్ళు కూడా నిండని ఒక అమ్మాయి పేగుల్లో రక్తస్రావంతో ఉండి, అదే నమ్మకంతో రక్తం వద్దంది. కోర్టు ఆర్డరు మీద ఎక్కించారు, కోలుకుంది. 2009లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. సమర్థిస్తూనే, పిల్లలు ఎదిగే కొద్దీ వాళ్ళ మాటకు బరువు పెరగాలని కూడా చెప్పింది.

ఇవన్నీ చదివి, ఓ.పి.లో కూర్చుని, మాకు తోచిన కొలబద్ద ఒకటుంది. నా వంట్లో, నా ఇంట్లో, నా పస్తుతో నేను మోసే నమ్మకానికి ఎవరికీ ఋజువు చూపనక్కరలేదు. నా నమ్మకం ఇంకొకరి పస్తు అయినా, ఇంకొకరి మీద నింద అయినా, అప్పుడు అడవికి వెళ్ళి అడుగుజాడలు చూపించవలసిన బాధ్యత నాది. "నీవల్లే ఇలా జరిగింది" అనే మాట భక్తి కాదు, ఆరోపణ. ఆరోపణకు సాక్ష్యం కావాలి. గ్రహణం మొర్రి విషయంలో ఆ సాక్ష్యం లేదు, వారాల లెక్క అందుకు విరుద్ధంగా ఉంది.

ఇది రెండు వైపులా కోసే కత్తి. నమ్మనివారి సంగతి కూడా చూడాలి కదా. కాకినాడ పి.ఆర్. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోపరాజు రామచంద్రరావు గారిని (గోరాగా అందరికీ తెలుసు) నాస్తికుడని 1933లో ఉద్యోగంలోంచి తీసేశారు. పాఠం సరిగ్గా చెప్పలేదని కాదు. ఆయన 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తరవాత విజయవాడకు మార్చారు. ఆయన భార్య సరస్వతి గారు గర్భిణిగా ఉండగానే గ్రహణం వేళ నియమాలు పాటించకుండా తిరిగారు. గుడి పత్రికలో నాస్తికుల పేర్లేమిటని కొందరు అనుకోవచ్చు. రోజూ ప్రార్థన చేసే గాంధీగారు ఆయన్ని పిలిపించుకుని మాట్లాడారు, వాదించారు, గౌరవించారు. మనకేం తక్కువ? కాల్గరీలో ఒక మందుల దుకాణం ఆదివారం తెరిచినందుకు పెట్టిన కేసులో, ఒకరి పవిత్ర దినాన్ని చట్టం పేరుతో అందరి మీదా రుద్దకూడదని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ఆ తీర్పు మనలాంటి తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళకు లాభించింది. మన ఇళ్ళలో కోడళ్ళకూ, పిల్లలకూ కూడా అది లాభించాలి. అక్కడ మనమే ఎక్కువ సంఖ్య.

ఒకటి మాత్రం గోరా దంపతుల దగ్గర మన సాఫ్ట్‌వేరు అబ్బాయి నేర్చుకోవలసింది ఉంది. సరస్వతి గారు బయట తిరిగింది తన ఇష్టంతో. భార్యను బలవంతంగా కారెక్కించి నయాగరా తీసుకువెళ్ళి "నీకు స్వేచ్ఛ ఇస్తున్నాను" అంటే అది ఏ రకం స్వేచ్ఛ?

సరే, ఆ రోజు క్లినిక్కులో ఏం చేశామో చెబుతాం. ముగ్గురినీ మళ్ళీ లోపలికి పిలిచాం. అత్తగారితో, "పిన్నిగారూ, మీ కోడలు ఇన్సులిన్ మీద ఉంది. పన్నెండు పద్నాలుగు గంటలు ఏమీ తినకపోతే షుగరు పడిపోయి తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. ఇందులో మేం బేరం ఆడం. మిగిలినదంతా, పడుకోవడం, కూర్చోవడం, బయటకు వెళ్ళడం, ఆమె ఇష్టం" అన్నాం. రోగులకు మినహాయింపు ఉందని కూడా గుర్తు చేశాం. ఆవిడ వెంటనే, "ఆ సంగతి నాకు తెలియదా బాబూ, చిన్నప్పటి నుంచి వింటున్నదే. పెరుగు మీద దర్భ వేసి పెడతాను, తింటుంది" అన్నారు. మేం పెద్ద యుద్ధానికి సిద్ధమై కూర్చుంటే ఆవిడ అంత సులువుగా తేల్చేశారు. భర్తకు గ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూస్తే రెటీనా కాలుతుందని, నొప్పి కూడా తెలియదని, చూడొద్దన్న పెద్దల మాట ఆ మేరకు అక్షరాలా నిజమేనని చెప్పాం. కొంచెం చల్లబడ్డాడు.

ఆ తరవాత, అందరూ వినేలా ఆ అమ్మాయితో అన్నాం: "ఇరవయ్యో వారం స్కానులో నీ బిడ్డ పెదవి చూశారు, బాగుంది. ఒకవేళ పుట్టాక ఇంకేదైనా కనిపించినా, అది నువ్వు ఎక్కడ కూర్చున్నావన్న దానివల్ల కాదు. నీ తప్పు కాదు. ఇది డాక్టరుగా చెబుతున్నాం, కావాలంటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాం." ఇరవై ఏళ్ళ కిందట ఇంకొకరికి చెప్పవలసిన మాట. ఆ అమ్మాయి నవ్వుతూ, "రాసివ్వండి" అంది. నిజంగానే రాసిచ్చాం. ప్రిస్క్రిప్షను కాగితం మీద.

గ్రహణం రోజు ఆమె ఏం చేసిందో మర్నాడు ఉగాదికి గుడిలో కలిసినప్పుడు తెలిసింది. వేళకు తిన్నది, ఇన్సులిన్ తీసుకుంది. తలుపు వేసుకుని గదిలోనే ఉంది, తన ఇష్టంతోనే. భర్త నయాగరా మానేసి హామిల్టన్ వైపు స్నేహితులతో వెళ్ళాడట, మబ్బులు పట్టి సగమే చూశాడట. అత్తగారు హాల్లో కూర్చుని ఆదిత్య హృదయం చదువుకున్నారట. బయట వెలుతురు తగ్గి, వీధి దీపాలు వాటంతట అవే వెలగ్గానే ఆ అమ్మాయి ఉండబట్టలేక లేచి, తెర కొంచెం పక్కకు తీసి వీధిలోకి చూసిందట. "సూర్యుణ్ణి చూడలేదండీ, దీపాలనే చూశాను" అని మాకు చెబుతూ అత్తగారి వైపు చూసింది. ఆవిడ విననట్టే ఉన్నారు. జూన్‌లో పాప పుట్టింది.

ఉగాది పచ్చడి తింటూ పెద్దావిణ్ణి పక్కకు పిలిచి అడిగాం. "పిన్నిగారూ, రోకలి నిలబెట్టారా?"

"ఇక్కడ రోకలి ఎక్కడిది బాబూ! అల్లం దంచుకునే చిన్న రాతి పొత్రం ఉంటే పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెట్టాను. నిలబడింది." చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఇవాళ పొద్దున్న మావాడు లేవకముందు మళ్ళీ పెట్టి చూశాను."

"నిలబడిందా?"

"నిలబడింది" అన్నారు. పచ్చడి ఇంకొంచెం వేసుకుని, "కాని నిన్నటిలా కాదులెండి" అన్నారు.